1851 కోల్ట్ నేవీ: నంబర్లన్నీ కలుస్తున్నాయి, అయినా నమ్మకం కుదరడం లేదు

ఇత్తడిపిడి
ఒక పాత సేకరణకర్త వస్తువులను ఆయన కుటుంబం అమ్ముతోంది. వాటిలోని 1851 నమూనా కోల్ట్ నేవీ రివాల్వర్ (అమెరికాలోని కోల్ట్ కార్ఖానాది) ఒకటి పది రోజుల పరిశీలన గడువుతో నా చేతికి వచ్చింది. అమ్మకపు పత్రంలో "అన్ని నంబర్లూ ఒకటే, అసలు నీలిపూత 90 శాతం నిలిచి ఉంది" అని రాశారు. అంటే భాగాలన్నీ ఒకే తుపాకీవనీ, ఉక్కుకు కార్ఖానాలో ఇచ్చిన నల్లటి నీలిరంగు చాలావరకు పోలేదనీ అర్థం. బ్యారెల్, ఫ్రేము, ట్రిగ్గర్ గార్డు, పిడి అడుగు పట్టీ, వీటన్నిటి కిందివైపు 967తో మొదలయ్యే ఒకే ఐదంకెల నంబరు ఉన్నమాట నిజమే. సిలిండర్ మీద కూడా అదే నంబరు కనిపిస్తోంది. నాకు తెలిసిన ఇద్దరు అనుభవజ్ఞులకు చూపించాను. ఒకరు కళ్లు మూసుకుని తీసుకోమన్నారు. రెండోవారు చేతిలోకి తీసుకున్న నిమిషంలోపే "ఈ నలుపు నిన్నమొన్నటిది" అంటూ బల్ల మీద పెట్టేశారు. కారణం అడిగితే ఇద్దరూ "అనుభవం" అన్నారు తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఆ అనుభవం ఏ గుర్తులను చూస్తుందో, ఏ వరుసలో చూస్తుందో తెలిసినవారు చెప్పగలరా? గడువు ఇంకా ఏడు రోజులుంది.

తుప్పుమేకు
కళ్లు మూసుకుని తీసుకోమన్నవారు తామూ అలాగే చూసి ఉంటారు.

పాతఉక్కు
దాని ముఖాన్ని తర్వాత చూద్దాం, ముందు కడుపు ఖాళీగా ఉందో లేదో చూడండి. ఈ రివాల్వర్లలో మందు, సీసపు గుండు ముందునుంచి కూర్చుతారు కాబట్టి వెనుకనుంచి చూస్తే నిండినదీ ఖాళీదీ ఒకేలా కనిపిస్తాయి. తేమ తగలని తుపాకి మందు నూరేళ్లు దాటినా అంటుకోగలదు. సిలిండర్ వెనుక ఉండే నిపుళ్ల (చిన్న మొనల) మీద క్యాపులు, అంటే హ్యామర్ దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీలు, లేవని నిర్ధారించుకుని, సన్నని చెక్కపుల్లను సిలిండర్ ముందువైపునుంచి ఆరు గదుల్లోకీ ఒక్కొక్కటిగా దించి, ఎంత లోతుకు దిగిందో పుల్ల మీద గీత పెట్టుకోండి. ఆరు గీతలూ ఒకేచోట పడాలి. హ్యామర్‌ను ఊరికే ఎత్తి వదలవద్దు. దానివల్ల నిపుళ్లు నలుగుతాయి, లోపల ఏదైనా ఉంటే అంతకంటే పెద్ద ప్రమాదం.

ఇక పూత సంగతి. కార్ఖానానుంచి బయటికి వచ్చిన నేవీ మొత్తం ఒకే రంగులో ఉండదు. బ్యారెల్‌కూ సిలిండర్‌కూ నీలిపూత ఉంటుంది. ఫ్రేము, హ్యామర్, లోడింగ్ లీవర్ (గుండును గదిలోకి నొక్కే మీట) మాత్రం కేస్ హార్డెనింగ్ చేసినవి. అంటే బొగ్గుతో కలిపి కాల్చి చల్లార్చినప్పుడు పైపొర గట్టిపడి, దాని మీద నీలం, గోధుమ, బూడిద రంగులు మబ్బుల్లా తేలినవి. ట్రిగ్గర్ గార్డు, పిడి పట్టీ ఇత్తడివి, వాటి మీద పలుచని వెండిపూత ఉండేది. వెలుతురు తగిలిన చోట కేస్ రంగులు వాడిపోయి బూడిదరంగుకు తిరుగుతాయి కాని నల్లబడవు. అందుకని మొదటి ప్రశ్న ఇదే: మీ రివాల్వర్ ఫ్రేము ఏ రంగులో ఉంది?

ఇత్తడిపిడి
ఫ్రేము, హ్యామర్, లీవర్, బ్యారెల్, సిలిండర్ అన్నీ ఒకే నిగనిగలాడే నలుపులో ఉన్నాయి. నేను దాన్నే మంచి లక్షణమనుకున్నాను. ఇత్తడి మీద, గార్డు పిడిని కలిసే మూలల్లో మాత్రం తెల్లని పొర కొంచెం మిగిలి ఉంది.

పుల్ల పరీక్ష కూడా చేశాను. ఐదు గదుల్లో గీత ఒకేచోట పడింది. ఆరో గదిలో పుల్ల దాదాపు సగంలోనే ఆగిపోయింది. క్యాపులు లేవు. రాస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి.

ఆకురాయి
ఇకపై దాన్ని కదపవద్దు. గుండును గీకి తీయాలని, మర తిప్పి లాగాలని, వేడి చేయాలని ఎవరు చెప్పినా వినవద్దు. అందులో ఉన్నది మందే కావచ్చు, ఎప్పుడో దూర్చిన గుడ్డపీలిక కావచ్చు, కందిరీగ మట్టి గూడు కూడా కావచ్చు. తేలేదాకా మందు అనుకోవడమే మంచిది. ఇటువంటి పనిలో అనుభవమున్న తుపాకుల మరమ్మతు నిపుణుడికి, ముందుగా విషయం చెప్పి, అప్పగించండి. మిగతా పరిశీలన సిలిండర్ ఖాళీ అయ్యాక చేసుకోవచ్చు.

గుప్తనిధి
అందరూ ఇంత కంగారు పెట్టవలసిన అవసరం కనిపించడం లేదు. మళ్లీ పూత వేసినంత మాత్రాన అది నకిలీ కాదు. తుపాకీ వాడుకలో ఉన్న రోజుల్లోనే యజమాని దాన్ని మరమ్మతుకిచ్చి, నిగనిగలాడేలా చేయించుకుని ఉండవచ్చు. నంబర్లన్నీ కలిసిన నేవీని పూత కొత్తదని వదులుకోవడం, పాత ఇంటికి సున్నం కొత్తగా వేశారని కొనకపోవడం లాంటిది.

భూతద్దం
సున్నం వేసినవారు "ఇది అసలు సున్నం, 90 శాతం నిలిచి ఉంది" అని పత్రం రాసివ్వరు. ఇక్కడ చర్చ ఆ పత్రం గురించి.

ఇత్తడిపిడి గారిని ఒక ప్రశ్న అడుగుతాను. ఎనిమిది పలకల బ్యారెల్ మీద, పైపలకపై ఒక చిరునామా ఉంటుంది. అందులో ఏమని ఉందో అక్షరం పొల్లుపోకుండా రాయండి. ట్రిగ్గర్ గార్డు వెనుక వంపు గుండ్రంగా ఉందా, చదరంగా ఉందా అన్నదీ చెప్పండి.

ఇత్తడిపిడి
"అడ్రస్ సామ్ల్ కోల్ట్ న్యూయార్క్ సిటీ" అని ఉంది. సామ్యూల్ పేరును కుదించి రాశారు. గార్డు గుండ్రంగా, పెద్దగా ఉంది. వేలు సులువుగా దూరుతోంది.

భూతద్దం
చిక్కు దొరికింది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఉన్న కోల్ట్ కార్ఖానాలో 1850నుంచి 1873 వరకు ఈ నమూనా దాదాపు 2,15,000 దాకా తయారైంది. ఇంత పొడవైన కాలంలో చిన్నచిన్న మార్పులు వచ్చాయి. అవి ఏ నంబరు దగ్గర వచ్చాయో సేకరణకర్తలు వందలాది తుపాకులను పోల్చి చూసి రాసిపెట్టారు. మొదటి 4,200 దాకా గార్డు వెనుకభాగం చదరంగా ఉంటుంది. అక్కడినుంచి 85,000 దాకా చిన్న గుండ్రని గార్డు, ఆ తర్వాత పెద్ద గుండ్రని గార్డు వస్తాయి. ఆ లెక్కన 96 వేల నంబరుకు మీ గార్డు సరిగ్గా సరిపోతుంది.

చిరునామా మాత్రం వేరే కథ చెబుతోంది. "న్యూయార్క్ సిటీ" అన్నది సుమారు 74,000 వరకే ఉంది. ఆ తర్వాత 1,01,000 దాకా "హార్ట్‌ఫర్డ్" చిరునామా నడిచింది. అక్కడినుంచి చివరిదాకా "న్యూయార్క్ యు. ఎస్. అమెరికా" అని కొట్టారు. 96 వేల తుపాకీ మీద "హార్ట్‌ఫర్డ్" ఉండాలి. మీ బ్యారెల్ మిగతా తుపాకీకంటే కనీసం ఇరవై రెండు వేల నంబర్లు ముందు పుట్టింది. అయినా దాని మీద ఇదే నంబరు ఉంది. బ్యారెల్ అబద్ధం చెబుతోందా, నంబరు అబద్ధం చెబుతోందా అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

తుప్పుమేకు
ఇల్లు మారినా పాత చిరునామాకే ఉత్తరాలు తెప్పించుకునేవారు మా బంధువుల్లోనూ ఉన్నారు.

గుప్తనిధి
మీరు చెప్పిన సరిహద్దులు రాతిమీద గీతలు కావు. కార్ఖానాలో పాత బ్యారెళ్లు మిగిలిపోతే పారేస్తారా? అవసరమైనప్పుడు తీసి బిగించి ఉంటారు. అటువంటి సంధికాలపు తుపాకీ అయితే అది మామూలుదానికంటే అరుదైనది అవుతుంది. దాన్ని చేజేతులా తక్కువ చేస్తున్నారు.

పాతఉక్కు
గుప్తనిధి గారి మాటలో సగం నిజముంది. సరిహద్దు దగ్గర కొన్ని వందల నంబర్ల వరకు పాతవీ కొత్తవీ కలగలిసి కనిపించడం సహజమే. ఇరవై రెండు వేలంటే సంధికాలం కాదు, అది ఏళ్లతరబడి సాగిన ఉత్పత్తి. అంతకాలం ఒక బ్యారెల్ మూలన పడి ఉండి, ఆ తర్వాత అసలు నంబరుతో బయటికి వచ్చిందని నమ్మాలంటే లోహం మీద సాక్ష్యం కావాలి. ఊహ చాలదు.

ఆ సాక్ష్యం నంబరు చుట్టూనే ఉంటుంది. మొదట సిలిండర్ విషయం తేల్చుకోండి. తర్వాత బ్యారెల్ విప్పి, సన్నని ఉక్కు కొలబద్ద అంచును నంబరు ఉన్న చదును మీద నిలువుగా ఆనించి, వెనుకనుంచి దీపం పెట్టి చూడండి. పాత నంబరును అరగదీసి కొత్తది కొట్టినట్లయితే అక్కడ చిన్న పల్లం ఏర్పడి, అంచు కిందనుంచి వెలుతురు సన్నగా కారుతుంది. ఫ్రేము మీది నంబరు దగ్గర కూడా అదే చేసి, రెండింటినీ పోల్చండి. అంకెల ఆకారాన్నీ పట్టించుకోండి. ఒకే కార్ఖానాలో ఒకే అచ్చుల జతతో కొట్టిన 9, 6, 7 అన్ని భాగాల మీదా ఒకే తోకతో, ఒకే వంపుతో ఉండాలి. అచ్చు పడినప్పుడు లోహం అంచుల దగ్గర కొంచెం ఉబుకుతుంది. పూత వేయడానికి ముందు మెరుగుపెడితే ఆ ఉబుకు పోయి అంకె అంచులు కరిగినట్టు కనిపిస్తాయి. పాత అంకెలన్నీ కరిగినట్టుండి, బ్యారెల్ మీదివి మాత్రం పదునుగా ఉంటే అవి మెరుగు తర్వాత వచ్చినవి.

చెకుముకి
నా రంగం చెకుముకి పిస్తోళ్లు. అందులో నేను మోసపోయిన తీరు ఇక్కడ పనికొస్తుందని చెబుతున్నాను. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో పర్కషన్ క్యాపు వాడుకలోకి రావడంతో, వేలాది చెకుముకి పిస్తోళ్ల తాళాలనుంచి (తాళమంటే పక్కన బిగించే, నిప్పు పుట్టించే యంత్రాంగం) మందుపళ్లెం, నిప్పు రాజేసే ఉక్కు పలక తీసేసి, హ్యామర్ మార్చి, బ్యారెల్‌కు నిపుల్ బిగించారు. అది ఆ కాలపు నిజాయితీ గల మార్పు. ఆ తర్వాత సేకరణకర్తలకు చెకుముకి రూపమే ముద్దు కావడంతో, అదే తుపాకీని మళ్లీ వెనక్కి మార్చి "ఎన్నడూ మార్చనిది" అని అమ్మేవారు పుట్టుకొచ్చారు.

నేను కొన్నదానికి పైకంతా బాగుంది. తాళం విప్పి లోపలివైపు చూసినప్పుడు, పూడ్చిన రంధ్రం ఒకటి గుండ్రని నీడలా కనిపించింది. పళ్లెం బిగించిన మర గాడి తళతళలాడుతోంది, దాని పక్కనే ఉన్న మిగతా మరలు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. ఒకే తాళంలో రెండు వయసులు ఉండటానికి వీల్లేదు కదా! అన్నిటికంటే పెద్ద సాక్ష్యం కాలుడు గుంటలు. మందు పేలిన చోట, నిప్పురంధ్రం చుట్టూ, కాలిన మందు మిగిల్చే ఉప్పు ఏళ్ల తరబడి తిన్న గుంటలు ఉండాలి. నా పిస్తోలుకు బ్యారెల్ పక్కన లోతైన గుంటలున్నాయి, వాటికి ఆనుకునే ఉన్న పళ్లెం మాత్రం పెళ్లికూతురులా ఉంది. అమ్మినవారు చూపించిన వైపునే చూడటం నా తప్పు. వారు చూపించని వైపున శ్రద్ధగా పని చేసే ఓపిక మోసగాళ్లకు కూడా ఉండదు.

కొత్తచిగురు
చదువుతున్న నాకు ఒక అనుమానం. అసలు ఇది ఇటీవల తయారైన నకలు ప్రతి కాదని ఎలా అనుకుంటున్నారు? నేవీ ప్రతులు బజారులో చాలా ఉన్నాయని విన్నాను.

ఆకురాయి
సరైన ప్రశ్న, మొదట్లోనే రావలసింది. 1950ల చివరినుంచి ఇటలీలో ఈ నమూనా ప్రతులు పెద్ద ఎత్తున తయారవుతున్నాయి. వాటి మీద ఇటలీ పరీక్షా కేంద్రం ముద్రలు, నక్షత్రం కింద పీ, ఎన్ అక్షరాలు, చిన్న చదరపు గడిలో సంవత్సర సంకేతం ఉంటాయి. మోసగాళ్లు వాటిని ఆకురాయితో తీసేసి, ఆమ్లంతో తుప్పు పట్టించి, పిడిని తేయాకు నీళ్లలో నానబెడతారు. లోడింగ్ లీవర్ దించి దాని వెనుక దాగే పలకను చూస్తే ముద్ర తీసిన పల్లం తరచుగా బయటపడుతుంది. ఆమ్లపు తుప్పు అన్నిచోట్లా సమానంగా, ఇసుక చల్లినట్టుగా ఉంటుంది. నిజమైన తుప్పు చేయి తగిలిన చోట, తోలుసంచీ తేమ పట్టిన చోట ఎక్కువగా, పిడి కింద మరోలా, ఇష్టం వచ్చినట్టు ఉంటుంది.

అయితే మూలల్లో మిగిలిన వెండిపూత విషయం విన్నాక, గార్డు వరకు నాకు నమ్మకం కలుగుతోంది. వేళ్లు వెళ్లని మూలలోనే వెండి మిగలడం సహజమైన అరుగుదల. దొంగపనిలో సాధారణంగా ఎదురుగా కనిపించే చోటనే వెండి పెడతారు.

భూతద్దం
సిలిండర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. దాని చుట్టూ ఓర్మ్స్‌బీ అనే చెక్కుడు కళాకారుడు చెక్కిన నౌకాయుద్ధ దృశ్యం ఉంటుంది. 1843 మే 16న టెక్సస్ నౌకలకూ మెక్సికో నౌకలకూ జరిగిన పోరు అది. దాన్ని ప్రతి తుపాకీకీ చేత్తో చెక్కలేదు. ఉక్కు అచ్చును సిలిండర్ మీద ఒత్తి దొర్లించారు. అందుకే గీతలు తక్కువ లోతుతో, అంతటా సమానంగా ఉంటాయి. ఎవరైనా తర్వాత ఉలితో లోతు చేసి ఉంటే గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా, అంచుల్లో గరుకుగా తగులుతుంది. ఇంకో విషయం. దృశ్యం అరిగి, దాని మీది నీలిపూత నిండుగా ఉంటే ఆ పూత అబద్ధం. పైనున్న రంగు చెరగకుండా కిందనున్న గీత అరగదు.

ఇత్తడిపిడి
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. సిలిండర్‌ను నిపుణుడికిచ్చాను. వెనుక నిపుల్ తీసి, మందును పూర్తిగా తడిపి, జాగ్రత్తగా ఖాళీ చేశారు. లోపల సీసపు గుండు, దాని వెనుక గట్టిపడిన నల్లని మందు నిజంగానే ఉన్నాయి. పాతఉక్కు గారు ముందు ఆ మాట అనకపోతే నేను హ్యామర్‌ను ఎన్నిసార్లు ఎత్తి వదిలేవాడినో తలచుకోవడానికే భయంగా ఉంది.

ఇక మిగతావి. ఉక్కు కొలబద్ద ఆనించగానే బ్యారెల్ కింది నంబరు దగ్గర వెలుతురు సన్నని చంద్రవంకలా కనిపించింది. ఫ్రేము, గార్డు, పట్టీ మీద అటువంటిదేమీ లేదు. బ్యారెల్ మీది 7 కాలు నిటారుగా ఉంది, మిగతా మూడుచోట్ల కొంచెం వంగి ఉంది. బ్యారెల్ అంకెలు మాత్రమే పదునుగా ఉన్నాయి. దీపాన్ని పక్కనుంచి బాగా వాల్చి చూస్తే రెండో అంకె కింద మరొక అంకె వంపు నీడలా తేలింది. 3 కావచ్చు, 8 కావచ్చు. బ్యారెల్‌ను పట్టి ఉంచడానికి అడ్డంగా బిగించే వెడ్జ్ (చీల) మీద వేరే నంబరు ఉంది. దాన్ని విప్పి చూసే ఓపిక అమ్మినవారికి లేకపోయింది కాబోలు.

సిలిండర్ దృశ్యంలో ఒకవైపు ఓడలు బాగానే ఉన్నాయి. మరోవైపు తెరచాపల జాడ మాత్రమే మిగిలింది, పూత మాత్రం రెండువైపులా ఒకే నలుపు. గీతలు లోతు చేసినట్టు లేదు. ఫ్రేములోపల, బ్యారెల్ ఆనుకునే చోట, నలుపు కింద పాత కేస్ రంగు గోధుమ మచ్చగా కనబడింది. భూతద్దంతో దగ్గరగా చూస్తే తుప్పు గుంటల అడుగున కూడా అదే నలుపు ఉంది. అంటే తుప్పు ముందు, పూత తర్వాత అన్నమాట.

గుప్తనిధి
బ్యారెల్ విషయంలో నా వాదన నిలవలేదు, ఒప్పుకుంటున్నాను. వెలుతురుతో వాదించలేం. అయితే ఆ బ్యారెల్ కూడా అసలు కోల్టే, నూటయాభై ఏళ్లు దాటినదే. రెండు నిజమైన తుపాకులు కలిసి ఒకటైనదాన్ని నకిలీ అనడం ఇప్పటికీ నాకు ఇష్టం లేదు.

పాతఉక్కు
నకిలీ అని ఎవరూ అనడం లేదు. బ్యారెల్ మార్చడం మరమ్మతు, అందులో తప్పు లేదు. పాత నంబరును చెరిపి కొత్తది కొట్టడం మాత్రం కొనేవాడిని నమ్మించడానికి చేసిన పని. ఆ రెండింటినీ విడదీసి చూడాలి. వెడ్జ్ మీద వేరే నంబరు ఉండటం నాకు పెద్ద పట్టింపు కాదు. అది ఊడిపోయే భాగం, ఆ కాలంలోనే పోయి ఉండవచ్చు.

స్థితిని అంచనా వేయడానికి అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పురాతన తుపాకులకు పెట్టిన కొలమానం ఒకటి వాడుకలో ఉంది. భాగాలన్నీ అసలువై, అసలు పూత 80 శాతానికి పైగా ఉంటే "ఎక్సలెంట్". 30 శాతానికి పైగా ఉంటే "ఫైన్". భాగాలన్నీ అసలువే అయితే, పూత బొత్తిగా లేకపోయినా "వెరీ గుడ్" దాకా వస్తుంది. కొత్తవారు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. పూతంతా పోయి బూడిదరంగులో ఉన్న తుపాకీ, నిగనిగలాడే ఈ తుపాకీకంటే పై మెట్టు మీద ఉంటుంది. చిన్న భాగాలు మారినవీ, మళ్లీ పూత వేసినవీ "గుడ్"లోకి దిగుతాయి. బ్యారెల్ లాంటి ముఖ్యభాగం మారితే ఇంకా కింద "ఫెయిర్"లో చేరుతుంది. పత్రంలోని 90 శాతం లెక్క అసలు పూతకు సంబంధించినదే కాదు.

కొత్తచిగురు
అయితే ఆ కొత్త నలుపును తీసేసి పాత బూడిదరంగు తెప్పిస్తే విలువ పెరుగుతుందా?

ఆకురాయి
దయచేసి ఆ ఆలోచనే చేయవద్దు. మొదట్లో నేను ఒక పిస్తోలు గోధుమరంగును మురికి అనుకుని, ఉక్కు పీచుతో ఒక సాయంత్రమంతా రుద్దాను. తెల్లారేసరికి అది వంటింటి గరిటెలా మెరుస్తోంది. నూటపాతికేళ్లు పట్టిన రంగు మూడు గంటల్లో పోయింది, దాన్ని తిరిగి తెచ్చే ఉపాయం లేదు. అబద్ధపు పూతను తీస్తే కింద నిజం ఉండదు, రుద్దిన లోహం మాత్రమే ఉంటుంది. పలుచని నూనె రాసి మెత్తని నూలుగుడ్డతో తుడవడం, చేతి చెమట తగలకుండా చూడటం, తోలుసంచీలో దాచకపోవడం, ఇంతే చేయవలసింది. తోలులోని తేమ, తోలును పదును చేయడానికి వాడిన ఉప్పులు ఉక్కును తింటాయి. ఇత్తడికి మెరుగు పెట్టారో, మూలల్లో మిగిలిన ఆ కాస్త వెండి కూడా పోతుంది.

తుప్పుమేకు
గరిటె అయినా పనికొచ్చిందా?

ఆకురాయి
ఇంకా గోడకే ఉంది. వచ్చినవారికి చూపించి ఇదే కథ చెబుతుంటాను.

చెకుముకి
ఇత్తడిపిడి గారు, వెనక్కి ఇచ్చేస్తున్నారా, ఉంచుకుంటున్నారా? అమ్మినవారితో ఏం మాట్లాడారు?

ఇత్తడిపిడి
కొలబద్ద కిందనుంచి వెలుతురు కారుతున్న ఫోటో, చిరునామా ఫోటో, గుంటల అడుగున నలుపు కనిపించే ఫోటో, మూడూ పంపాను. ఆ కుటుంబానికి నిజంగానే తెలియదట. తమ పెద్దాయన రాసుకున్న పాత కాగితంలోని మాటలనే పత్రంలోకి ఎక్కించారట. ఆయనకు ఎవరు అమ్మారో వారికీ తెలియదు. పాత పత్రం రద్దుచేసి, ఉన్నది ఉన్నట్టు కొత్తగా రాసిచ్చి, ధర బాగా తగ్గించడానికి ఒప్పుకున్నారు. నిల్వ ఉంచుకోవడానికి కావలసిన అనుమతులు ముందే సరిచూసుకున్నాను కాబట్టి ఉంచుకుంటున్నాను.

దీనికొక చీటీ కట్టాను. "ఫ్రేము, ట్రిగ్గర్ గార్డు, పిడి పట్టీ, సిలిండర్ ఒకే తుపాకీవి. బ్యారెల్ అంతకంటే పాత నేవీది, దాని మీది నంబరు తర్వాత కొట్టినది. వెడ్జ్ వేరొకటి. మొత్తానికి మళ్లీ పూత వేశారు. ఆరో గదిలో దొరికిన గుండు విడిగా డబ్బాలో ఉంది." నా తర్వాత ఎవరి చేతికి వెళ్లినా ఈ చీటీ ఊడకుండా దారం గట్టిగా ముడివేశాను.

భూతద్దం
బ్యారెల్ మీద నీడలా తేలిన ఆ అంకె 3 అవునో 8 అవునో కూడా తేలితే చీటీలో ఒక గీత అదనంగా చేర్చండి. మిగతా సగం తుపాకీ ఇంకెవరి అల్మారాలోనో "నంబర్లన్నీ ఒకటే" అన్న పత్రంతో కూర్చుని ఉండవచ్చు.